తీసిన చెయ్యే పెట్టాలె

శనివారం పొద్దున పదకొండు గంటలకు, నల్లగండ్లలో ఏడో అంతస్తు బాల్కనీలో, కిరణ్మయి తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది. ఎదురుగా లాప్‌టాప్ తెరమీద ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు శ్యామ్, ఆమెకు ఇరవయ్యేళ్ళ స్నేహితుడు, ఆమెలాగే సాఫ్ట్‌వేరు కొలువులో జుట్టు తెల్లబడ్డవాడు. ఇంకొకరు రసజ్ఞ. మొన్నమొన్న కాలేజీ దాటిన పిల్ల, కొండాపూర్‌లో హాస్టల్లో ఉంటుంది, మాటకు భయం లేదు.

ముగ్గురికీ ఉద్యోగాలు వేరే ఉన్నాయి. ఇది జీతం లేని పని, శనాదివారాలను మింగేసే పని. లినక్స్ అని, కంప్యూటరును నడిపే ఉచిత వ్యవస్థ ఒకటుంది. దానికి కావలసిన సరంజామా ఎవరెవరో రాస్తారు. రాసినదాన్ని ఎవరి కంప్యూటరులోకైనా పేచీ పెట్టకుండా దిగేలా ఒద్దికగా కట్టి ఇచ్చేవాళ్ళు వేరే ఉంటారు. ప్రపంచం నలుమూలలా అలాంటి స్వచ్ఛంద సేవకులు ఎందరో. ఆ కట్టడాన్ని లోకమంతా ప్యాకేజింగ్ అంటుంది. హైదరాబాదు బృందం మాత్రం మొదటిరోజునుంచీ 'మూట కట్టడం' అనే అంటుంది. ప్రతి మూట మీదా ఒక మనిషి పేరుంటుంది. ఆ మనిషి దాన్ని 'ఎత్తుకున్నాడు' అన్నమాట.

ఆ పొద్దుటి వాదన 'పదమూట' గురించి. అది తెలుగు మాటల జాబితా. కంప్యూటరులో తెలుగు రాస్తుంటే తప్పు మాట కింద ఎర్రగీత వస్తుందే, ఆ గీత ఎక్కడ రావాలో చెప్పేది ఆ జాబితాయే. అందులో ఉన్న మాట ఒప్పు, లేనిది తప్పు.

"రేపు మధ్యాహ్నం పన్నెండుకి లాస్ట్," అంది రసజ్ఞ. "ఆ తర్వాత కొత్త రిలీజ్‌లోకి ఏదీ వెళ్ళదు. పదమూట బిల్డ్ అవ్వట్లేదు, ఎన్నిసార్లు కట్టినా మూట నిలవట్లేదు. ఎత్తుకున్నాయనకి మూడు మెయిల్స్ వెళ్ళాయి, రిప్లై లేదు. రూల్ ప్రకారం తీసేయాలి."

"తీసేయండి మరి," అన్నాడు శ్యామ్. "ఇప్పుడు తెలుగు కంప్యూటర్లో ఎవరు కొడుతున్నారండీ? అంతా ఫోన్లోనే. ఎత్తుకున్నవాడికే పట్టలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"స్కూల్ ల్యాబుల్లో మన లినక్సే ఉంది సర్. ఒకసారి బయటికెళ్ళిన మూట మళ్ళీ లోపలికి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు." రసజ్ఞ ఏదో చదువుతూ కళ్ళు చిట్లించింది. "అసలు మూట ఎత్తుకున్న ఈ తిరుపతి గారు ఎవరు? ఈ మూట మీద ఆయన పెట్టిన బగ్ ఒకటి పదిహేడేళ్ళుగా ఓపెన్‌లోనే ఉంది. నంబర్ 4172. టైటిల్ చూడండి. 'మా అమ్మ మాటలు ఏడవోయినయ్?' దానికి ఎవరో ఒక్క లైన్ రిప్లై ఇచ్చారు. 'ఇవి ప్రామాణిక పదాలు కావు. సరిచేయబడదు.' ఎంత పొగరండీ బాబూ! ఎవరో..."

బగ్ అంటే వాళ్ళ భాషలో ఫిర్యాదు. అది తీరేదాకా మూతపడదు, కుర్చీలో కూర్చునే ఉంటుంది. రసజ్ఞ పేజీ కిందికి జరిపింది. మాట ఆగిపోయింది.

"మేడం," అంది గొంతు తగ్గించి. "మీరే."

శ్యామ్ అవసరం లేని దగ్గు ఒకటి దగ్గాడు. కిరణ్మయి చెవులు వేడెక్కాయి. యాభై దగ్గర పడుతున్న మనిషికి, కింద నలభైమంది పనిచేసే మనిషికి, అలా చెవులు వేడెక్కడం చాలా ఏళ్ళ తర్వాత అదే.

"నేనే," అంది. "నేను వెళ్ళి ఆయన్ని అడుగుతాను. మూట నేను ఎత్తుకుంటాను."

"ఆయన అడగాలి కదండీ ముందు," అన్నాడు శ్యామ్ మెల్లగా.

అదీ నిజమే. ఒకరి పేరు మీదున్న మూట ఇంకొకరి చేతికి రావాలంటే ఇచ్చేవాళ్ళు బృందమంతా చూసే ఈమెయిల్లో అడగాలి, 'ఈ మూట ఎత్తుకుంటారా?' అని. తీసుకునేవాళ్ళు ఒక్కమాటలో జవాబు రాయాలి. ఆ ఆచారం పెట్టిందీ తిరుపతే. పసిపిల్లను ఒక చేతినుంచి ఇంకో చేతికి ఇచ్చేటప్పుడు 'పట్టుకున్నవా?' అని అడిగి వదుల్తం కద, గిది గూడ గంతే, అన్నాడు అప్పట్లో. అందరూ నవ్వారు, అందరూ పాటించారు.

క్యాబ్ ఎక్కి, "ఖాజాగూడ. కొత్తగూడ మీదుగా పోనివ్వండి," అంది కిరణ్మయి. డ్రైవరు అద్దంలోంచి విడ్డూరంగా చూశాడు. నల్లగండ్లనుంచి ఖాజాగూడకు కొత్తగూడ మీదుగా పోవడమంటే, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే. "ట్రాఫిక్ ఉంటది మేడం," అన్నాడు. ఉండనీ అనుకుంది. మొహం చెల్లని మనిషికి ట్రాఫిక్ కూడా చుట్టమే.

కొత్తగూడలో ఇప్పుడు ఫ్లైఓవరు స్తంభం లేచినచోట ఒకప్పుడు పదడుగుల మడిగె, అంటే చిన్న దుకాణపు గది, ఉండేది. జిరాక్స్, డీటీపీ. పెళ్ళికార్డులు, ఓట్ల కరపత్రాలు, కిరాయికి ఇల్లు అనే బోర్డులు. అక్కడ పనిచేసే తిరుపతిది ఖాజాగూడ ఊరే. చదివింది పదో తరగతి. తెలుగు టైపు కొడుతుంటే మాత్రం పక్కనున్న ఇంజినీర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. దుకాణం యజమాని ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం తాళం అతని చేతికిచ్చి ఇంటికి పోయేవాడు. ఇక అప్పటినుంచి మడిగె లినక్స్ వాళ్ళది. ఆరుగురికి రెండు స్టూళ్ళు, ఒక బెంచీ. పక్క హోటల్నుంచి వన్ బై టూ చాయ్. అది కూడా ఒక్కోసారి వన్ బై త్రీ అయ్యేది.

సీడీలు రాసేవాళ్ళు. కాలేజీల్లో పంచడానికి. ఒక్క సీడీ రాయడానికి ఇరవై నిమిషాలు, మధ్యలో కరెంటు పోయిందా, ఆ సీడీకి నూకలు చెల్లినట్టే. చచ్చిన సీడీలన్నీ తిరుపతి సంచీలో వేసుకుపోయేవాడు. అతని తల్లి బుచ్చమ్మ ఖాజాగూడ చెరువు దగ్గర చిక్కుడు, వంకాయ పండించేది. చిక్కుడు పందిరికి ఆ సీడీలు వేలాడదీసేది, పిట్టలు రాకుండా. ఎప్పుడైనా బృందమంతా అక్కడికి పోతే, ఎండలో తళతళమనే పందిరి చూపించి, "మీరు జేసే పనిల నాకు పనికొచ్చింది గిదొక్కటే," అనేది. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని వస్తుంటే, ఒక్కొక్కరికీ పేరుపేరునా "పైలంగా పో బిడ్డా," అని చెప్పేది. పైలం అంటే జాగ్రత్త. జాగ్రత్త అనే మాటలో లేని తడి ఏదో ఆ మాటలో ఉండేది.

ఉక్కపోత, దోమలు, జిరాక్స్ ఇంకు వాసన. తలుచుకోవడానికి ఏముంది అందులో? కానీ కిరణ్మయికి ఆ మడిగె అంటే ప్రాణం. అద్దాల మేడల్లో ఇరవయ్యేళ్ళు పనిచేసింది, ఆ బెంచీ మీద నవ్వినంత నవ్వు ఏ మేడలోనూ నవ్వలేదు. అక్కడ ఎవరూ ఎవరికీ పై అధికారి కాదు. తిరుపతి ఆమెను 'చెల్లె' అనేవాడు.

పదమూట అక్కడే పుట్టింది. పేరున్న ఒక నిఘంటువులోంచి శ్యామ్, కిరణ్మయి వేలకువేల మాటలు ఎక్కించారు. తిరుపతి మాత్రం తల్లి పక్కన కూర్చుని, ఆమె నోటినుంచి వచ్చిన మాటలను ఒక్కొక్కటే కొట్టి చేర్చాడు. మూట అతని పేరు మీదే పెట్టారు.

రెండువేల ఎనిమిది వానాకాలం. కొత్త రిలీజుకు వారం ఉందనగా బుచ్చమ్మ గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తిరుపతి ఆమెతో దవాఖానలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి ఈమెయిలు రాశాడు, మీ జాబితా నిండా తప్పులు, తెలుగు పాడుచేస్తున్నారు అని. కిరణ్మయికి ఉక్రోషం వచ్చింది. పది వరసల ప్రోగ్రాం ఒకటి రాసి, నిఘంటువులో లేని మాటలన్నిటినీ ఊడ్చిపారేసింది. 1143 పోయాయని తెర చెప్పింది. పాపం తిరుపతి మీద భారం పడకుండా నేనే చేసిపెట్టాను అని కూడా అనుకుంది.

ప్రతి మూటతోనూ ఒక మార్పుల పట్టీ ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో రాయాలి. కొత్తది పైన, పాతది కింద. ఆమె రాసింది ఇదీ: 'తప్పు పదాలు తొలగించబడ్డాయి.' కింద తన పేరు.

తిరుపతి తిరిగివచ్చి ఎవరికో ఉత్తరం కొడుతుంటే 'పైలం' కింద ఎర్రగీత వచ్చింది. 'పొలం' అనబోయారా అని యంత్రం అడిగింది. ఆ సాయంత్రమే 4172 నంబరు ఫిర్యాదు పెట్టాడు. దానికి ఆమె జవాబు రసజ్ఞ చదివిందే. తర్వాతి రెండో శనివారం అతను తాళం శ్యామ్ చేతికి పంపాడు, తను రాలేదు. ఆ పై నెలా రాలేదు. మూట మీద పేరు మాత్రం తీయలేదు. కొన్నేళ్ళకు బృందం తలోదిక్కై ఈమెయిళ్ళకే పరిమితమైంది, ఇంకొన్నేళ్ళకు మడిగె కూడా పోయింది.

తప్పు తెలియక కాదు. రెండు మూడేళ్ళలోనే తెలిసింది ఆమెకు. కానీ క్షమాపణ చెప్పడానికి ఇప్పటికే ఆలస్యమైంది కదా అనే సాకు ఉందే, అది ఏటేటా బలిసే సాకు. బుచ్చమ్మను చూడటానికైనా ఒక్కసారి పోలేదు.

ఖాజాగూడలో మేడలమధ్య పాత ఊరు ఇంకా మిగిలే ఉంది. సందు మలుపులో, మూడంతస్తుల ఇంటి కింద, దుకాణం కనబడింది. 'బుచ్చమ్మ జిరాక్స్ అండ్ ఆన్‌లైన్ సెంటర్'. కిరణ్మయి బోర్డు దగ్గరే ఆగిపోయింది. బతికున్నవాళ్ళ పేర్లు దుకాణాల మీదికి ఎక్కడం తక్కువ.

తిరుపతి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. పట్టనట్టే, "రాండ్రి మేడం. జిరాక్సా, ప్రింటా?" అన్నాడు.

మేడం అన్నాడు. చెల్లె అనలేదు.

"అమ్మగారు..."

"కరోనల పోయింది. కూసోండ్రి."

కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మెయిల్స్ వచ్చాయా తిరుపతి గారూ?" అని అడిగింది.

"వచ్చినయ్. మూడు. మిషన్ పంపింది. మిషన్ అడిగితె మిషనే జవాబియ్యాలె. మనిషెవరన్న అడుగుతరేమోనని నేను గూడ సూస్తున్న."

"అడగడానికే వచ్చానండీ."

"ఇప్పుడేంది, మూట గావాలె. గంతేనా?"

క్యాబ్‌లో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ కిరణ్మయి నోటికి రాలేదు. "కాదండీ," అంది చివరికి. "ఆ రోజు నేను చేసింది తప్పు. అందులో ఏమున్నాయో కూడా చూడకుండా తీసేశాను. ఒక్క మాటైనా చదవలేదు."

తిరుపతి చేతిలో కాయితాలు పక్కన పెట్టాడు. "సదువలేదా?"

"లేదు."

"అన్నీ సదివి, గివి మాటలే గావని తీసినవనుకున్న నేను!" అతనికి తెలియకుండానే మీరు పోయి నువ్వు వచ్చింది. "పదిహేడేండ్లసంది గదే కోపం. ఇప్పుడు సదువనే లేదంటున్నవ్. ఇగ ఈ కోపం నేనేం జేస్కోవాలె?" అని నవ్వాడు. ఆ నవ్వులో సగం ఏడుపుంది.

"మూట మీ పేరు మీదే ఉంది కదండీ. ఎప్పుడైనా మీరే తిరిగి పెట్టేసి ఉండొచ్చు."

"నేను వెడ్తె నా మొండితనమైతది. తప్పు అన్నోళ్ళు తప్పు అన్నట్టే ఉంటరు." అతను లేచి బీరువా తలుపు లాగాడు. "తీసిన చెయ్యే పెట్టాలె."

స్పైరల్ వేసిన పుస్తకం ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అట్ట పసుపుపచ్చగా మారింది. లోపల ముద్రించిన మాటలు, నిలువు వరసల్లో. ఫైలు లేదు. పాత మడిగె కంప్యూటరుతోపాటే పోయింది. "డీటీపీ పని చేసినోణ్ణి నేను, కంప్యూటర్‌ను నమ్ముతనా? కాయితం మీద లేనిది లేనట్టే."

కిరణ్మయి లాప్‌టాప్ తెరిచింది. ఏ అర్జీ పెట్టుకోకుండా, ఏ ఒప్పందం లేకుండా పని మొదలైంది. అతను చదవడం, ఆమె కొట్టడం.

"అంగి. అర్ర. తొవ్వ. సోపతి. బుగులు. యాది."

చదివే మాట చదువుతూనే మధ్యలో ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చినవాళ్ళకు తీసిచ్చాడు. ఒకామె బ్యాంకు ఫారం నింపించుకుంది. కొన్ని మాటల దగ్గర అతను ఆగిపోయేవాడు. 'ఎగిలివారంగ' దగ్గర ఆగి, "తెల్లారంగనే అని. మా అమ్మ గంప ఎత్తుకుని పోయే టైమది," అన్నాడు. 'నిమ్మళం' దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె కూడా తొందరపెట్టలేదు. ఒకప్పుడు ఊడ్చేసిన మాటలను ఒక్కొక్కటే అక్షరం అక్షరం కొడుతుంటే, ఊడ్చడానికి పది నిమిషాలు, ఎత్తడానికి ఒక పూట అని ఆమె వేళ్ళకే తెలిసొచ్చింది. 'పైలం' కొట్టేటప్పుడు కళ్ళు మసకబారాయి. తుడుచుకుని, తరవాతది చెప్పండి అంది.

జాబితా అక్షరక్రమంలో లేదు. విన్న వరసలో ఉంది, తేదీలతో. అప్పటిదాకా వచ్చిన ప్రతి మాట పక్కనా చిన్నగా 'బు' అని ఉంది. బుచ్చమ్మ అనే అక్షరం. పన్నెండో పేజీలో తిరుపతి, "బిరాన," అన్నాడు. ఆమె కొట్టింది. "బేగి," అన్నాడు. కొట్టబోయి ఆగింది.

"ఇది అమ్మగారి మాట కాదు కదండీ? త్వరగా అనడానికి మీరు బిరాన అంటారు. బేగి మా వైపు మాట."

"పక్కకేమున్నదో సూడు."

వంగి చూసింది. 'కి' అని ఉంది. దాని కింద 'కూసింత', పక్కన 'కి'. 'సుబ్బరంగా', దానికీ 'కి'. తేదీ చూస్తే రెండో శనివారం.

"కి ఎవరండీ?"

"కిష్టయ్య," అన్నాడు తిరుపతి మొహం మీద చిరునవ్వైనా లేకుండా. ఆమె నిజమేననుకుని తలాడించబోయింది. అప్పుడు నవ్వాడు. "ఏ కిష్టయ్య మాట్లాడుతడు గట్ల? నువ్వే. నువ్వు ముచ్చట్లల్ల వడి సోలువెట్టి మాట్లాడుతుంటె నేను బల్లకింద కాయితం వెట్టుకుని రాసుకుంటుండె. మూట అందరిది గదా. మా అమ్మ ఒక్కదాన్నే ఎక్కిస్తె ఏం బాగుంటది?"

పేజీ తిప్పాడు. ఈసారి చదవలేదు. పుస్తకాన్ని ఆమెవైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

'ఆయ్. కి.'

కిరణ్మయి పుట్టింది అంబాజీపేట పక్కన. అక్కడ అవునండీ అనడానికి, అలాగేనండీ అనడానికి, వింటున్నానండీ అనడానికి, అన్నిటికీ ఆయ్ అనే అంటారు. అందులో అవునూ, అండీ రెండూ ఉంటాయి. హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆమె నోట అది నిమిషానికోసారి వచ్చేది. ఒకసారి విదేశీ క్లయింటుతో మాట్లాడుతూ, అతను చెప్పిందానికి ఒప్పుకుంటూ 'ఆయ్' అంది. అతను దాన్ని ఇంగ్లీషు 'ఐ' అనుకుని, మిగతా వాక్యం కోసం అరనిమిషం ఓపిగ్గా ఎదురుచూశాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆ పై వారం రోజులు ఆఫీసులో ఎవరు ఎదురైనా 'ఆయ్' అని పలకరించారు. నెల తిరక్కుండా ఆ మాటను ఆమె నోట్లోంచి పీకేసింది. ఇప్పుడు తల్లితో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా అవునే అంటుంది.

"మా అమ్మ నిన్ను ఏమని పిలుస్తుండెనో యాదికున్నదా?" అన్నాడు తిరుపతి.

ఉంది. పదిహేడేళ్ళుగా ఎక్కడో అడుగున పడి ఉంది. చిక్కుడు పందిరి కింద నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "గా ఆయ్ పోరి గూడ వచ్చిందా?" అని అడిగేది బుచ్చమ్మ.

కిరణ్మయి ఏడ్చింది. దాచుకోలేదు. జిరాక్స్‌కు వచ్చినవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. ఒక తల్లి మాటలను తప్పన్నాను కదా అని ఇన్నేళ్ళు లోలోపల కుమిలింది. ఆ చీపురుతోనే తన నోటిని కూడా ఊడ్చేసుకుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. పైగా కింద సంతకం కూడా పెట్టింది. తిరుపతి లేచాడు. లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

"ఎన్ని ఉన్నాయండీ నావి?" అంది నీళ్ళు తాగి.

"అరవై ఒకటి. కొట్టు. ఇంక సగమున్నయ్."

సాయంత్రం ఆరున్నరకు 1143వ మాట పడింది. మూట కట్టుకోకపోవడానికి కారణం చిన్నదే, మూట కట్టే పాత పనిముట్టు ఒకదాని పేరు మారింది. అరగంటలో ఆమె అది సరిచేసింది. కొత్త మూట తన లాప్‌టాప్‌లోకి దించి, ఖాళీ పేజీ తెరిచి, 'పైలంగా పో బిడ్డా' అని కొట్టింది. మూడు మాటలు. ఒక్కదాని కిందా గీత లేదు. తిరుపతి ఆ తెరవైపు చూసి, చూడనట్టు కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు.

ఇక మార్పుల పట్టీ మిగిలింది. దాన్ని తెరిస్తే అన్నిటికంటే పైన అదే వాక్యం. 'తప్పు పదాలు తొలగించబడ్డాయి.'

"దీన్ని తీసేస్తాను," అంది ఆమె. "ఆ తప్పు అనే మాటైనా కొట్టేస్తాను."

"ఏయ్, ఆగు," అన్నాడు తిరుపతి. "పాత రాతను ముట్టుకోవద్దు. మనమే వెట్టుకున్నం గదా రూలు? అయింది అయినట్టు ఉండాలె. చెప్పేది ఏమన్నా ఉంటె పైన రాయి."

ఆమె పైన రాసింది. 'తొలగించినవి తప్పు పదాలు కావు. తొలగించడం తప్పు. బుచ్చమ్మ గారి మాటలు 1082, కిరణ్మయి మాటలు 61, తిరుపతి గారు విని రాసిపెట్టుకున్నవి, తిరిగి చేర్చబడ్డాయి. 4172 మూసివేయడమైనది.' కింద పేరు పెట్టింది. అతను కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"చేర్చబడ్డాయి ఏంది? ఎవలు చేర్చిన్రు, దయ్యమా?"

ఆమె నవ్వి దిద్దింది. 'తిరిగి చేర్చాను.'

"ఆఁ. ఇప్పుడు మంచిగున్నది."

తిరుపతి తన పాత కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. అక్షరాలన్నీ అరిగిపోయిన ఆ కీబోర్డు మీద వేళ్ళు ఇదివరకటిలాగే పరుగెత్తాయి. నిమిషం తర్వాత కిరణ్మయి లాప్‌టాప్ టింగుమంది. ఎదురెదురుగా మూడడుగుల దూరంలో కూర్చుని, బృందమంతా చూసేలా, శ్యామ్, రసజ్ఞ, ఎక్కడెక్కడివాళ్ళో చూసేలా అతను రాశాడు:

'పదమూట ఇన్నేండ్లు నా పేరు మీద ఉన్నది. చెల్లె కిరణ్మయీ, ఈ మూట ఎత్తుకుంటవా?'

జవాబు ఒక్కమాటలో రాయాలి. ఆమె 'అవును' అని కొట్టింది. కొట్టి, దానివైపు చూసింది. చెరిపేసింది. తల ఎత్తితే తిరుపతి ఆమె వేళ్ళకేసే చూస్తున్నాడు, పిల్లను ఇచ్చి ఇంకా చేతులు వదలనివాడిలా.

'ఆయ్' అని కొట్టింది.

కింద గీత రాలేదు. పంపేసింది.